ప్రోమో కార్డులు: ఒక్క తేదీకి లొంగని చరిత్ర

1933లో అమెరికాకు చెందిన గౌడీ గమ్ కంపెనీ తన బబుల్ గమ్‌తో పాటు బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు ఇచ్చింది. సెట్‌లో 240 నంబర్లు. 105 దొరికేది, 107 దొరికేది, ఎంత గమ్ కొన్నా 106 మాత్రం ఎవరికీ దొరికేది కాదు. ఆ ఏడాది కంపెనీ ఆ కార్డును అచ్చే వేయలేదు మరి. ఆ ఒక్క ఖాళీ పూడ్చుకోవడానికి పిల్లలు కొంటూనే ఉంటారన్న లెక్కతోనే అలా చేశారని కలెక్టర్లలో ఎక్కువమంది నమ్మకం. ఫిర్యాదు ఉత్తరాలు వచ్చాక, 1934లో నెపోలియన్ లాజొవే బొమ్మతో 106వ కార్డు ముద్రించి, అడిగినవాళ్లకు పోస్టులో పంపింది. ముందువైపు బొమ్మ తీరు 1934 సెట్‌ది, వెనకవైపు రాత 1933 సెట్‌ది. ఉత్తరానికి జోడించేందుకు పెట్టిన క్లిప్పు గుర్తులు ఇప్పటికీ కొన్ని కార్డుల మీద కనిపిస్తాయి.

ఇంతకీ ఇది ఏ సంవత్సరపు కార్డు? నంబరు చూస్తే 1933, అచ్చు చూస్తే 1934. ఏ సెట్‌కు చెందింది, ఎప్పుడు ముద్రించారు, ఎప్పుడు జనం చేతికి అందింది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. దుకాణంలో అమ్మే మామూలు ప్యాకెట్ల విషయంలో మూడింటికీ దాదాపు ఒకటే జవాబు కాబట్టి ఆ తేడా ఎవరికీ పట్టదు. ప్రచారం కోసం పంచే కార్డుల దగ్గరికి వచ్చేసరికి మూడూ మూడు దారులు పడతాయి.

ప్రోమో కార్డును కంపెనీ అమ్మదు, దాన్ని చూపించి మరొకటి అమ్ముతుంది. సిగరెట్లు, గమ్, పత్రిక, సినిమా టికెట్, వీడియో గేమ్, పిల్లల భోజనం, ఏదైనా కావచ్చు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. అమ్మిన సరుకుకు బిల్లులుంటాయి, దుకాణాలకు పంపిన తేదీలుంటాయి, తిరిగొచ్చిన పెట్టెల లెక్కలుంటాయి. పంచిపెట్టినదానికి అంత లెక్క ఎవరు రాస్తారు? థియేటర్ కౌంటర్ దగ్గర ఏ రోజు ఎన్ని కార్డులు పోయాయో, మిగిలినవి ఏమయ్యాయో రాసిపెట్టాల్సిన పని అక్కడున్నవాళ్లకు లేదు. దశాబ్దాల తర్వాత ఎవరో ఆ లెక్క కోసం వెతుకుతారని వాళ్లు ఊహించి ఉండరు కూడా. కాబట్టి కార్డు మీది నంబరు, సంవత్సరం చెప్పేది కంపెనీ వేసుకున్న పథకాన్ని. ఆ పథకం నిజంగా ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే వేరే సాక్ష్యం కావాలి.

అలాంటి సాక్ష్యాన్ని ఎంత ఓపికగా వెలికి తీయవచ్చో చూపేది టీ206 సెట్. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన పొగాకు ప్యాకెట్లలో పెట్టిన బేస్‌బాల్ కార్డులివి. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు. 1930ల చివర్లో జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్ పాత అమెరికన్ కార్డులన్నిటినీ వర్గీకరిస్తూ ఇచ్చిన సంకేతం అది. (ఆయన కూడబెట్టిన 3 లక్షలకు పైగా కార్డులు, ముద్రిత చిత్రాలు ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ శ్రమ లేకపోతే ఈ రంగంలో మాట్లాడుకోవడానికి ఉమ్మడి పేర్లే ఉండేవి కావు.) టీ206 కార్డుల మీద నంబర్లు లేవు. తేదీలూ లేవు. అయినా ఏవి ముందు వచ్చాయో, ఏవి తర్వాత వచ్చాయో ఇవాళ చాలావరకు చెప్పగలుగుతున్నారు. ఎలా?

వెనక్కి తిప్పి చూడటం వల్ల. ముందువైపు ఒకే ఆటగాడి ఒకే బొమ్మ ఉన్నా, వెనకవైపు ప్రకటన మారుతూ ఉంటుంది. పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్, పోలార్ బేర్ వంటి 16 బ్రాండ్ల ప్రకటనలు ఈ సెట్‌లో కనిపిస్తాయి. కొన్నిటి మీద సెట్‌లో 150 బొమ్మలున్నాయని రాసి ఉంటుంది, మరికొన్నిటి మీద 350 అని, ఇంకొన్నిటి మీద 350 నుంచి 460 అని. సెట్ పెరుగుతూ పోయిన క్రమం ఆ అంకెల్లో ఉంది. ఆటగాళ్లు జట్టు మారడం మరో ఆధారం. రే డెమిట్, బిల్ ఒహారా న్యూయార్క్ జట్ల నుంచి సెయింట్ లూయిస్ జట్లకు వెళ్లారు. వాళ్ల పేరు కింద సెయింట్ లూయిస్ అని ఉన్న కార్డులు పోలార్ బేర్ ప్రకటనతో మాత్రమే దొరుకుతాయి. అంటే ఆ ఇద్దరూ జట్టు మారాక ముద్రించిన విడత పోలార్ బేర్ ప్యాకెట్లలోకి వెళ్లిందని అర్థం. కంపెనీ ఒక్క కాగితం కూడా ఇవ్వకుండానే ఇంత తెలిసింది. ప్రోమో కార్డుల పరిశోధనలో ఇంతకంటే అందమైన పని మరొకటి కనిపించదు.

ఈ సెట్‌లోని హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు కథ లోకానికంతా తెలిసిందే. 2022లో ఒక ప్రతి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. తన బొమ్మతో పొగాకు పిల్లల చేతికి పోవడం ఆయనకు ఇష్టం లేదని ఒక కథనం, డబ్బు దగ్గర తేడా వచ్చిందని మరొకటి. కారణం ఏదైనా విడుదల చరిత్ర కోణంలో ముఖ్యమైనది వేరే ఉంది. అరుదైన కార్డుగా ఉండాలని దాన్ని ఎవరూ తయారుచేయలేదు. మిగతావాటితో పాటే పంపిణీ మొదలై, కొద్దికాలానికే ఆగిపోయింది. కొరత ఎవరి ఉద్దేశమూ కాదు, పంపిణీ తెగిపోవడం వల్ల మిగిలింది.

ఉద్దేశపూర్వకమైన కొరతకు ఉదాహరణ యుఎస్ క్యారమెల్ కంపెనీది. 1932లో మిఠాయితో పాటు 32 మంది క్రీడాకారుల కార్డులు ఇచ్చి, మొత్తం సెట్ తెచ్చిచ్చినవాళ్లకు బహుమతి ప్రకటించింది. ఫ్రెడ్ లిండ్‌స్ట్రామ్ బొమ్మ ఉన్న 16వ కార్డును మాత్రం దాదాపు ఎవరికీ చిక్కనివ్వలేదు. దశాబ్దాల పాటు ఆ కార్డు అసలు ఉందో లేదో కూడా కలెక్టర్లకు తెలియదు. పిల్లల్ని ఆశపెట్టి ఆఖరి మెట్టు దగ్గర తలుపు మూయడం అన్యాయం, ఎన్నేళ్లు గడిచినా అది అన్యాయమే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. వాటర్లూ యుద్ధానికి నూరేళ్లు నిండే 1915 కోసం విల్స్ సిగరెట్ కంపెనీ 50 కార్డుల సెట్ సిద్ధం చేసింది. ఆ సమయానికి ఫ్రాన్స్ బ్రిటన్‌కు మిత్రదేశం, రెండూ కలిసి జర్మనీతో పోరాడుతున్నాయి. ఫ్రెంచివాళ్ల ఓటమిని సిగరెట్ ప్యాకెట్లలో పెట్టి పంచడం బాగుండదని సెట్‌ను ఆపేశారు. అయినా కొన్ని ప్రతులు బయటికి వచ్చాయి, ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. ముద్రణ ఉంది, కార్డు ఉంది, విడుదల మాత్రం లేదు. జాబితాలో ఈ సెట్‌కు ఎదురుగా 1915 అని రాస్తే అది దేని సంవత్సరమో చెప్పాల్సి ఉంటుంది.

జపాన్ వీడియో గేమ్‌లోని కల్పిత ప్రాణుల బొమ్మలతో ఆడే పోకెమాన్ కార్డుల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. జపాన్‌లో ఈ కార్డుల ఆట 1996 అక్టోబరు 20న మార్కెట్లోకి వచ్చింది. తొలి ప్రోమో కార్డులైన పికాచు, జిగ్లీపఫ్ కొరోకొరో కామిక్ అనే పిల్లల మాసపత్రిక నవంబరు సంచికతో వచ్చాయి. నవంబరు అని చూడగానే ఆట మొదలైన కొన్ని వారాలకు వచ్చిన కార్డులనిపిస్తుంది. కానీ జపాన్ మాసపత్రికల మీద ఉండే నెల, అవి దుకాణాల్లోకి వచ్చే నెలకంటే ముందుంటుంది. నవంబరు సంచిక అమ్మకానికి వచ్చింది అక్టోబరు నెల మధ్యలో. అంటే ఆట కంటే ముందు ప్రోమో కార్డులే పిల్లల చేతికి వెళ్లాయి. ప్రచారం సరుకు కంటే ముందు రావడం సహజమే, పత్రిక మీది నెల మాత్రం ఆ సహజ క్రమాన్ని తలకిందులు చేసి చూపిస్తుంది.

ఆ తొలినాటి జపనీస్ ప్రోమోల మీద సెట్ నంబరు ఉండదు. కనిపించే అంకె ఆ ప్రాణికి పోకెమాన్ ప్రపంచంలో ఉన్న వరుస సంఖ్య. పికాచు ఏ సంవత్సరం వచ్చినా, ఏ పత్రికతో వచ్చినా 25 అనే ఉంటుంది. కాబట్టి ఆ కాలపు పికాచు ప్రోమోలను నంబరుతో వేరుచేయడం కుదరదు. బొమ్మ, కార్డు మీది రాత, మెరుపు తీరు చూసి, పాత పత్రికల్లోని ప్రకటనలతో పోల్చి తేల్చుకోవాలి.

ఇంగ్లిష్ కార్డులకు నంబర్లున్నాయి కదా, అక్కడ తేలిగ్గా ఉండాలి అనిపిస్తుంది. అప్పట్లో ఇంగ్లిష్ కార్డులు వేసిన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 1999 నుంచి 2003 దాకా నల్ల నక్షత్రం గుర్తుతో 53 ప్రోమోలు ఇచ్చింది. ఒకటి నుంచి 53 వరకు వరుసగా పేర్చితే అదే కాలక్రమం అనుకోవడం చాలామంది పడే పొరపాటు. ఆ కార్డులు ఒకే దారిలో రాలేదు. 1999 నవంబరులో తొలి పోకెమాన్ సినిమా విడుదలైనప్పుడు ఎలెక్టబజ్, మ్యూటూ, పికాచు, డ్రాగనైట్ కార్డుల్లో ఒకటి టికెట్‌తో ఇచ్చారు. కూల్ పోరీగాన్ పోకెమాన్ స్టేడియం వీడియో గేమ్‌తో వచ్చింది. కొన్నిటిని వారం వారం జరిగే లీగ్‌లలో ఇచ్చారు, ఇంకొన్ని పత్రికల వెంట వెళ్లాయి. నంబరు ఖరారయ్యేది కార్డు రూపకల్పన దశలో. సినిమా తేదీ, గేమ్ తేదీ, పత్రిక సంచిక, లీగ్ నెల అన్నీ వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి. వాటిలో ఒకటి వెనక్కి జరిగితే నంబరు మారదు, కార్డు మాత్రం ఆలస్యంగా వస్తుంది. నంబర్లు చెప్పేది క్యూలో నిలబడిన వరుసను, తలుపు దాటిన వరుసను కాదు.

కార్డు అడుగున ఉండే కాపీరైట్ వరుస తెచ్చిపెట్టే గందరగోళం అంతకంటే పెద్దది. ఇంగ్లిష్ పోకెమాన్ కార్డులు మార్కెట్లోకి వచ్చింది 1999లో. కానీ వాటి మీద పోకెమాన్ హక్కులున్న నింటెండో కంపెనీ పేరుకు ముందు 1995, 96, 98 అని ఉంటుంది. అది హక్కులు ఏయే సంవత్సరాలవో చెప్పే వరుస. దాన్ని చూసి '1995 నాటి పోకెమాన్ కార్డు' అంటూ అమ్మకానికి పెట్టేవాళ్లు ఇప్పటికీ లెక్కలేనంత మంది. 1995లో ఆ కార్డుల ఆటే లేదు. అందరూ మోసగాళ్లని అనలేం, ఎక్కువమంది కార్డు మీద ఉన్నది ఉన్నట్టు చదివి నమ్మినవాళ్లే. అయినా కొన్నవాళ్లకు కలిగే నష్టం అదే.

ఒకే పేరుతో పలు విడుదలలున్న ప్రోమోకు ఏన్షెంట్ మ్యూ మంచి ఉదాహరణ. దీని మీద సెట్ నంబరు లేదు, రాత మొత్తం కల్పిత లిపిలో ఉంటుంది. 1999లో జపాన్‌లో రెండో సినిమాతో పాటు వచ్చింది. తొలి ముద్రణలో నింటెండో పేరులో ఒక అక్షరం జారిపోయి 'నింటెడో' అని అచ్చయింది. తర్వాత దిద్దిన ముద్రణ వచ్చింది. 2000 జులైలో అమెరికా థియేటర్లలో అదే సినిమాకు వచ్చినవాళ్లకు పంచారు. 2019లో జపాన్‌లో ఇంకోసారి వచ్చింది. కార్డు చూడగానే ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. అడుగున ఉన్న సన్నటి అక్షరాలు, మెరుపు తీరు చూస్తే తప్ప ఏది ఏదో చెప్పలేం. అమెరికా థియేటర్లలో పంచినవి లక్షణంగా సీలు ప్యాకెట్లతో సహా ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాతది, సినిమాకు మాత్రమే ఇచ్చింది అన్నంత మాత్రాన అరుదైనది కాదు. ఈ విషయం తెలియక ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు చాలామంది ఉంటారు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆట మొదట్లోనే మరో సమస్యను ఎదుర్కొంది. 1994లో అట్లాంటాలో జరిగిన డ్రాగన్ కాన్ వేడుకలో నలాత్ని డ్రాగన్ అనే కార్డు పంచారు. అది కేవలం బొమ్మ మార్చిన పాత కార్డు కాదు, ఆటలో మరెక్కడా లేని కొత్త కార్డు. అక్కడికి వెళ్లలేని ఆటగాళ్లు గట్టిగా నిరసన తెలిపారు. దాంతో ఆట కంపెనీ ద డ్యూయలిస్ట్ అనే పత్రిక ద్వారా కూడా దాన్ని అందించింది. వేడుకలో ఇచ్చిందీ పత్రికతో వచ్చిందీ ఒకటే కార్డు, చూసి వేరుచేసే గుర్తేదీ లేదు. 'డ్రాగన్ కాన్ కార్డు' అని పిలుస్తున్నవాటిలో ఎన్ని ఆ వేడుకకు వెళ్లాయో ఎవరూ చెప్పలేరు. నిరసన తెలిపినవాళ్లదే న్యాయం. ఆడేందుకు పనికొచ్చే కార్డును ఊరు చూసి పంచడం సరికాదు. అయితే ఆ న్యాయం జరిగిన క్షణమే విడుదల చరిత్ర మసకబారింది.

ఆ రోజుల్లోనే మ్యాజిక్ నవలల వెనక కూపన్ పెట్టి, దాన్ని పోస్టులో పంపినవాళ్లకు కార్డు ఇచ్చే పథకం కూడా నడిచింది. మానా క్రిప్ట్ అనే బలమైన కార్డు అలా 1995లో వచ్చింది. పుస్తకం కొన్న రోజు, కూపన్ పంపిన రోజు, కార్డు అందిన రోజు ఒక్కో పాఠకుడికి ఒక్కోలా ఉంటాయి. అలాంటి కార్డుకు 'విడుదల తేదీ' అని ఒక రోజు రాయడం అసలు కుదరని పని. అది 2011లో ఆట పోటీల జడ్జిలకు బహుమతిగా, 2016లో ఎటర్నల్ మాస్టర్స్ అనే సెట్ ప్యాకెట్లలో మళ్లీ కనిపించింది. మొదట్లో పుస్తకం కొన్నవాళ్లకు దాదాపు ఉచితంగా వచ్చిన కార్డు కోసం ఆటగాళ్లు ఇరవై ఏళ్లు ఎదురుచూశారు.

అధికారిక లెక్క ఉన్నచోట కూడా అది చివరి మాట కాదు. కొరోకొరో కామిక్ 1997, 98లలో నిర్వహించిన చిత్రలేఖన పోటీల విజేతలకు ఇచ్చిన పికాచు ఇలస్ట్రేటర్ కార్డును తీసుకోండి. బహుమతిగా ఇచ్చినవి 39 అని లెక్క తేలింది. ఆ తర్వాత అంతకుమించి ప్రతులున్నట్టు బయటపడింది. ఇందులో మోసమేమీ లేదు. విజేతలకు ఎన్ని ఇచ్చారన్నది ఒక లెక్క, ఎన్ని అచ్చు వేశారన్నది మరో లెక్క. ముద్రణశాలలో ఏదైనా సరిగ్గా సరిపోయేంతే వేయరు. ప్రీరిలీజ్ (విడుదలకు ముందు) అన్న ముద్ర ఉన్న రాయ్‌చూ అనే పోకెమాన్ కార్డు కథ ఇంకా చిత్రమైనది. ఆ ముద్రను అధికారికంగా క్లెఫబుల్ కార్డు మీద వేశారు. అదే ముద్రతో కొన్ని రాయ్‌చూ కార్డులు కూడా తయారై, కంపెనీ ఉద్యోగుల చేతికి వెళ్లాయన్న మాట ఏళ్ల తరబడి నడిచింది. కంపెనీ కాదంది, కలెక్టర్లు ఫొటోలు చూపారు. ఏ పథకంలోనూ లేని కార్డుకు ఏ తేదీ రాస్తారు, ఏ నంబరు ఇస్తారు?

ఇలాంటి ఖాళీల్లోకే నకిలీలు చొరబడతాయి. 1996 నాటి పోకెమాన్ నమూనా కార్డులంటూ భారీ ధరలకు అమ్ముడైనవాటిలో కొన్నిటి మీద కంటికి కనిపించనంత సన్నని పసుపు చుక్కలున్నాయని 2025 ఆరంభంలో కలెక్టర్లు కనిపెట్టారు. చాలా రంగుల లేజర్ ప్రింటర్లు కాగితం మీద రహస్యంగా వదిలే చుక్కలవి, ముద్రించిన తేదీ వాటిలో ఉంటుంది. చదివితే 2024 అని వచ్చింది. అవి నిపుణుల ధ్రువీకరణ పొంది, ప్లాస్టిక్ పెట్టెల్లో భద్రంగా ఉన్న కార్డులు. అవి నిజమైనవేనని కథలు చెప్పాయి, కాగితం అబద్ధమాడలేదు. వందేళ్ల కిందటి పొగాకు కార్డుల వెనకవైపు చదివిన ఓపికే ఇక్కడా అక్కరకొచ్చింది.

ఇప్పటి ప్రోమోలకు తేదీల కొరత లేదు. అన్నీ ముందే ప్రకటిస్తారు, జరిగింది ఫొటోలతో సహా మిగులుతుంది. అయినా పథకానికీ జరిగినదానికీ మధ్య దూరం తగ్గలేదు. 2023 సెప్టెంబరు 28న ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో పోకెమాన్ ప్రదర్శన మొదలైంది. పిల్లలకిచ్చే చిన్న కార్యక్రమం పూర్తిచేస్తే వాన్ గో తీరులో గీసిన పికాచు కార్డు బహుమతి. తిరిగి అమ్ముకునేవాళ్లు ఎగబడ్డారు. అక్టోబరులోనే భద్రత కారణంగా మ్యూజియం పంపిణీ ఆపేసింది. తర్వాత అదే కార్డు పోకెమాన్ ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్లతోనూ, కొన్ని దేశాల్లో దుకాణాల ద్వారానూ వచ్చింది. మ్యూజియంలో ఇచ్చిన కార్డుగా పేరుపడ్డ దాన్ని చాలామంది మ్యూజియం గడప తొక్కకుండానే అందుకున్నారు. నలాత్ని డ్రాగన్ విషయంలో జరిగిందే దాదాపు ముప్పై ఏళ్లకు మళ్లీ జరిగింది.

2025 ఆగస్టులో జపాన్ మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనంతో మూడు రోజులు పోకెమాన్ కార్డులు ఇస్తామని ప్రకటించింది. మొదటి రోజే చాలాచోట్ల అయిపోయాయి. కార్డులు తీసుకుని తిండి పారేసిన దృశ్యాలు దేశమంతా చూసింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. అదే నెలాఖరున రావాల్సిన వన్ పీస్ అనే కామిక్ కార్డుల పథకాన్ని రద్దు చేసింది. ప్రకటనల్లో మూడు రోజులని ఉంటుంది, జనం అనుభవంలో ఒక్క రోజు. రేపు జాబితా రాసేవాళ్లు ప్రకటనను నమ్ముతారా, ఆ రోజు వార్తలను నమ్ముతారా అన్నదాన్ని బట్టి చరిత్ర మారిపోతుంది.

కార్డు అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చే గ్రేడింగ్ సంస్థలు కార్డును పెట్టే ప్లాస్టిక్ పెట్టె మీది చీటీలో ఒక్క సంవత్సరానికే చోటుంటుంది. ఆ అంకె ఒకసారి చీటీకెక్కితే వేలంపాటలు, ధరల పట్టికలు, అమ్మకపు పేజీలు అన్నీ దాన్నే నకలు చేస్తాయి. అది కాపీరైట్ సంవత్సరమా, ముద్రణదా, పంపిణీదా అని మళ్లీ ఎవరూ అడగరు. జాబితాలు తయారుచేసేవాళ్లు ఒక్కో కార్డుకు ఏ దారిలో వచ్చింది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ దేశంలో, ఏ ఆధారంతో అని విడివిడిగా రాస్తే సమస్య చాలావరకు తీరుతుంది. కొన్ని జాబితాలు ఇప్పటికే అలా చేస్తున్నాయి. కొనేవాళ్లు కూడా కార్డు పరిస్థితితో పాటు అది ఏ కవరులో వచ్చిందో, ఏ పత్రికకు అంటించి ఉందో, టికెట్ ముక్క ఏమైనా మిగిలిందో అడిగి తెలుసుకోవాలి. 1999లో సినిమాకు వెళ్లిన పిల్లల ఇళ్లలో ఆ చిల్లర కాగితాలు ఇంకా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. వాటిని పారేయకముందే ఫొటో తీసి తేదీతో సహా నమోదు చేయడం ఈ తరం కలెక్టర్ల చేతిలో ఉన్న పని.